కుట్టుపనిలో మన స్వంతమేది?

ఒక వస్తువును మన చేతితో చేసితి మని చెప్పుకొనుటకు మన చేయి యెంత పని చేసియుండవలెను? ఊహ యొకరిది, కొలత వేరొకరిది, కత్తిరింపు యంత్రముది. సూదిపోటు మాత్రమే మనదియైనచో ఆ వస్తువు మన దనవచ్చునా? చేతిపనులను నోరార పొగడు ఈ కాలమున ఈ ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. కాని దీనిని కొంచెము తవ్వినచో, స్త్రీలు వెచ్చించు గడియలను లోకమే విధముగా లెక్కించుచున్నదో బయటపడును గనుక చదువరుల యెదుట నుంచుచున్నాము.

మాకు నిదర్శనముగా దొరికినది క్రిస్మసు మేజోడు. ఉద్దానపు గ్రామములనుండి యువకులు పనులకై, చదువులకై దూరదేశములకు పోవుట నేడు సామాన్యమైనది. వారు ఇండ్లకు పంపు వస్తువులలో అప్పుడప్పుడు కిట్టు అనబడు పొట్ల ముండును. టెక్కలిలో మే మెరిగిన యొక క్రైస్తవ గృహమునకు వచ్చిన పొట్లములో మేజోడు కుట్టుటకు వలయు సరంజామా అంతయు నున్నది: రంగురంగుల ఫెల్టు ముక్కలు, ఆరుపోగుల దారపు లడులు, సూదులు, చమ్కీలు, పూసలు, ఏ ముక్క నెచ్చట నతుకవలెనో అంకెలతో చూపు కాగితము. కుట్టి ముగించినచో 18 అంగుళముల మేజోడగును. అది కాలికి తొడుగుటకు కాదు. క్రిస్మసు ముందటి రాత్రి వ్రేలాడగట్టి, తెల్లవారునప్పటికి అందులో పిల్లలకు మిఠాయిలు, బొమ్మలు నుంచుట చలిదేశముల యాచారము.

ఈ సీమలో 19వ శతాబ్దపు చివరి భాగమునుండి కెనడా బాప్టిస్టు మిషనువారు పనిచేసిరి. అయినను ఇచ్చటి పండుగకు గురుతులు వెదురుబద్దల నక్షత్రము, రంగుకాగితపు తోరణములు, రాత్రివేళ ఇల్లిల్లు తిరుగుచు పాడు పాటలు. పొగగూటి ప్రక్కన మేజోడు తగిలించుటకు మన యిండ్లలో పొగగూడే లేదు. కిటికీ ఊచకు తగిలించినను పిల్లల సంతోషమునకు లోటుండదు గనుక ఆ సంగతి విడిచెదము.

ఫెల్టు మన కంబళివలె నేసినది కాదు. ఉన్నిపోచలను తడిపి, వేడిచేసి, నొక్కి, ఒకదానితో నొకటి చిక్కుపడునట్లు చేసిన గుడ్డ. పడుగు లేదు, పేక లేదు. అందుచేత కత్తిరించిన అంచున పోగు లూడవు, మడిచి కుట్టవలసిన పని లేదు. నేడు కిట్లలో వచ్చునది తరచుగా ఉన్నిది కాక కృత్రిమపు పోగుతో చేసినది. ఈ గుణమువలననే క్రొత్తగా సూది పట్టినవారు సహితము దీనిని కుట్టగలరు. దారమును విడదీసి రెండేసి పోగులతో కాడకుట్టు, గొలుసుకుట్టు, కాజాకుట్టు వేయుచు, తాత బొజ్జకును గడ్డమునకును లోపల కొంచెము దూది కూర్చుచు పోవలెను. చమ్కీని నిలుపుటకు సూదిని దాని రంధ్రమునుండి పైకి తీసి, పూసను గ్రుచ్చి, మరల అదే రంధ్రమున క్రిందికి దింపవలెను. ఒక్క చమ్కీకి ఇంత పని. చమ్కీలో లెక్కకు మిక్కిలిగా నుండును. ఇంటిపని ముగిసిన పిమ్మట కూర్చుండువారికి ఇది దినములతో తీరదు, వారములు పట్టును.

దీనిని చూచిన ఇరుగుపొరుగువారిలో విద్యావంతు డొకడు, “ఇది చేతిపని యెట్లగును? ముక్కలు వారే కోసిరి, రంగులు వారే యేర్చిరి, మీరు గుమాస్తా పని చేయుచున్నారు” అనెను. ఈ మాట తీసివేయదగినది కాదు. ఆంగ్లదేశపు రస్కిను 1853లో వెనీసు నగరపు కట్టడములను గూర్చి వ్రాయుచు, ఆలోచించువా డొకడును కేవలము చేయువా డొకడును అను విభజనము మనుష్యునే ముక్కలుచేయునని వాదించెను. ఆ రస్కిను రచించిన మరియొక గ్రంథమునే 1904లో దక్షిణాఫ్రికాలో రైలుబండిలో చదివి గాంధీ మహాత్ముడు తన జీవితమార్గమును మార్చుకొనెను. రస్కిను తరాజులో తూచినచో మన కిట్టు తేలిపోవును.

అయితే మన వాకిటి ముగ్గు మాట యేమి? ఎన్ని చుక్కలకు ఎన్ని వరుసలో తల్లి చెప్పినదే. ప్రతి యుదయము క్రొత్త ముగ్గు కల్పించు గృహిణి లేదు. పొందూరులో వాలుగ చేప దవడయెముకతో ప్రత్తిని శుభ్రపరచు పద్ధతిని నేటి వడుకు స్త్రీ కనిపెట్టలేదు. పరుల యూహను అనుసరించుటయే దోషమైనచో చేతిపనులలో ముప్పాతిక కొట్టివేయవలసివచ్చును. భేదము వేరొకచోట నున్నది. ముగ్గులో తప్పిన గీత మరునాటికి క్రొత్త ముగ్గు కావచ్చును. పెద్దల పద్ధతి చేతిలో నానుచు, మారుచు వచ్చును. కిట్టులో తప్పు తప్పే. ముక్క పోయినచో మరల దొరకదు. ఆ కాగితము వ్రాసినవారు మనకు పరిచితులు కారు, మరుసటి సంవత్సరము వేరొక బొమ్మ నమ్ముదురు. కాబట్టి విద్యావంతుని మాటలో సగము నిజమని యొప్పుకొందుము.

రెండవ సగము మేజోటి పైపట్టీయం దున్నది. అచ్చట బిడ్డ పేరు కుట్టవలెను. కిట్టులో అందుకై ఇంగ్లీషు అక్షరముల నమూనా మాత్ర ముండును; దానిని చేసినవారు తెలుగు బిడ్డను మనసులో నుంచుకొనలేదు. పేరు తెలుగులో నుండవలెనని తల్లి సంకల్పించినచో అచ్చటినుండి దారి చూపువారు లేరు. పలుచని కాగితముపై అక్షరములు వ్రాసి, ఫెల్టుపై గుండుసూదులతో నిలిపి, కాగితముమీదుగానే కుట్టి, పిదప కాగితమును చింపి తీసివేయవలెను. మన లిపి యంతయు వంపులు. తాటాకుపై గంటము సరళరేఖ గీచినచో ఆకు చీలునని అక్షరములు గుండ్రన యయ్యెనని పెద్దలు చెప్పుదురు. ఆ వంపు తిరుగుటకు కాడకుట్టును మిక్కిలి పొట్టిగా వేయవలెను. లేనిచో సున్న పలుకలపలుకలుగా కనబడును. పైన గుడికిని క్రింద వత్తుకును చోటు చాలక, పట్టీ వెడల్పును బట్టి అక్షరమును ఎంత చిన్నదిగా వ్రాయవలెనో తానే తేల్చుకొనవలెను. ఇచ్చట ఊహయు ఆమెదే, కొలతయు ఆమెదే. ఒక్క జానెడు పట్టీయే కావచ్చును. కాని రస్కిను అడిగినది అచ్చట దొరకుచున్నది.

ఇక రెండవ ఆక్షేపణ వ్యయమును గూర్చినది. యంత్రమున కుట్టిన మేజోళ్లు చవుకగా దొరకుచుండగా ఇన్ని రాత్రులు కన్నులు పొడుచుకొనుట యెందుకు? దీనికి మేజోటి కథనే యుత్తరముగా చెప్పవచ్చును. 4వ శతాబ్దమున, నేటి తుర్కీ దేశపు దక్షిణ తీరమందలి మైరా నగరమున నికొలాసు అను బిషప్పు ఉండెను. ముగ్గురు కుమార్తెలకు కట్నమియ్యలేని యొక బీదవాని యింట ఆయన రాత్రివేళ ఎవ్వరికిని తెలియకుండ బంగారపు సంచులు విసరెననియు, అవి ఆరవేసిన మేజోళ్లలో పడెననియు ఐతిహ్యము. ఈ కథ వినునప్పుడు తెలుగువారికి కట్నమను మాట చెవిని గ్రుచ్చక మానదు. 1961లో మన దేశమున కట్నమును నిషేధించు చట్టము వచ్చినను ఆ బీద తండ్రి నేటికిని మన వీధిలోనే యున్నాడు. ధర్మాత్ముడు సొమ్మిచ్చెను గాని, సొమ్ము లేనిదే పెండ్లి లేదను నాచారము నాయన ప్రశ్నించినట్లు కథ చెప్పదు. అది యట్లుండనిండు. ఇచ్చినవాని పేరు మరుగుపడుటయే ఆ కథకు ప్రాణము. మేజోటిమీద బిడ్డ పేరే యుండును, కుట్టినదాని పేరుండదు. బిడ్డ అది తాత యిచ్చినదని తలచును. తల్లి దిద్దదు. తన గడియలను తన యిష్టముతో ఇచ్చి, పేరు తానే దాచుకొనుట ఆమె యందముగా చేసిన పని. వెలకు దొరకు వస్తువుతో దీనిని పోల్చుట సరికాదు.

కాని పేరు తాను దాచుకొనుట వేరు, ఇతరులు దాచుట వేరు. నర్సాపుర ప్రాంతమున 19వ శతాబ్దములో మిషనరీలు బీద స్త్రీలకు లేసు అల్లుట నేర్పిరి. ఆ లేసు సముద్రములు దాటి పోయెను. జర్మను దేశపు సామాజికశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ అచ్చటి స్త్రీలను గూర్చి 1982లో గ్రంథము ప్రకటించెను. ఇంటిపనికి తోడు దినమునకు ఆరు నుండి ఎనిమిది గంటలు అల్లుచున్నను వారిని పనివా రని యెవ్వరును లెక్కింపలేదనియు, తీరిక వేళ నేదో అల్లుకొను గృహిణులని చెప్పి అత్యల్పమైన కూలి యిచ్చిరనియు, లాభము వర్తకులకు పోయెననియు ఆమె చూపెను. “తీరిక” అను మాటకు ఇంత బలమున్నది. ధనవంతు రాలి సూది పట్టినచో అది వేడుక. బీదరాలు పట్టినచో తీరిక పని. రెండు మాటలును కూలి యొసగకుండుటకు పనికివచ్చును.

పలాసకు వచ్చి చూడుడు. పలాస కాశీబుగ్గలలో జీడిపప్పు కర్మాగారములు రెండువందలకు పైగా నున్నవి. వానిలో పనిచేయువారు అధికముగా స్త్రీలు. జీడిగింజ పెంకులోని నూనె చర్మమును కాల్చి పొక్కించును. పెంకు కోయుటకు యంత్రములు వచ్చినను, పప్పు పొర తీయుటయు, విరుగనిదానిని విరిగినదానినుండి ఏరుటయు నేటికిని వ్రేళ్ల పనియే. 240 రకమనగా పౌనుకు సుమారు 240 పప్పులు తూగునది, 320 రకమనగా 320 తూగునది. ఆ తారతమ్యమును కంటితో చూచి చెప్పగల నేర్పు వారిది. చమ్కీ కుట్టు వ్రేలికంటె ఆ వ్రేలు తక్కువ సున్నితమైనది కాదు. అది చేతిపని యని పొగడుచు మాసపత్రికలలో వ్యాసములు వ్రాయువారిని మేము చూడలేదు.

ఉద్దానమున తీరిక యను మాటకు ఇంకొక అర్థమును కలదు. ఇచ్చట మూత్రపిండముల వ్యాధి యింటింటికిని ప్రాకినది. కారణము నేటికిని నిశ్చయముగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో ఆ వ్యాధికై పరిశోధనకేంద్రమును 200 పడకల ఆసుపత్రియు ప్రారంభమయ్యెను. రక్తశుద్ధికి ఒక్కొక్కమారు నాలుగు గంటలు పట్టును. వారమునకు రెండు మూడు మారులు పోవలెను. భర్త యంత్రమునకు కట్టుబడియుండగా ప్రక్కన కూర్చున్న భార్య చేతులు ఖాళీగా నుండును. ఆమెకు తీరిక యున్నదని చెప్పు సాహసము మాకు లేదు. చేతిలో పని లేకుండుట తీరిక కాదు. తన గడియ తనదై యుండుట తీరిక.

కాబట్టి టెక్కలి గృహిణి మేజోటిని మెచ్చుకొనువారు ఆమె వ్రేళ్లను గాక, ఆమె కా గడియలు దక్కిన తీరును ముందు చూడవలెను. ఆ వారములలో అన్నము వార్చినవా రెవరు, పిల్లలకు పాఠము చెప్పినవా రెవరు? అత్తగారో భర్తయో ఆ భారము పంచుకొనియుండినచో మేజోటిలో వారి కుట్లును ఉన్నవి. అట్లుగాక నిద్ర మానుకొని కుట్టినదైనచో మెప్పు తగ్గించి, దీపము త్వరగా ఆర్పుట మేలు. కుట్టుట తల్లిప్రేమకు కొలబద్ద యను మాట మాత్రము మేము సహింపజాలము. రోజంతయు పప్పు పొర తీసి, సాయంకాలము కాశీబుగ్గ బజారులో సిద్ధముగా నున్న మేజోడు కొని తెచ్చిన తల్లి ఇంకొక మేజోటిని చూచి సిగ్గుపడవలసిన పని లేదు. ఆమె వ్రేళ్లు ఆ దినమున చేయవలసినదానికంటె ఎక్కువే చేసినవి.

ఉద్దానపు పొదుపు సంఘముల స్త్రీలు ఇట్టి మేజోళ్లను కుట్టి అమ్మవచ్చునని కొందరు సూచించుచున్నారు. మాకు విముఖత లేదు. తెలుగు పేరు కుట్టిన మేజోడు దూరదేశములందలి తెలుగువారికి ప్రియముగానే యుండును. కాని నర్సాపురమును మరువరాదు. మొదటి మేజోడు మొదలుపెట్టిన దినముననే ప్రతి స్త్రీయు కూర్చున్న వేళయు లేచిన వేళయు వ్రాసికొని, గంటకు కూలి యింత యని సంఘము నిర్ణయించి, ఆ పిమ్మటనే వెల చెప్పవలెను. కిట్టులోని కాగితమున ఏ ముక్క పిదప ఏ ముక్కయో అంకె లుండును గాని, గంటలు వ్రాయుటకు గడి యుండదు. దానిని సంఘమువారే గీచికొనవలసియున్నది.