రాతి మీద పేరు

మార్కాపురం అనగానే పలకలు గుర్తొస్తాయి. ఒకప్పుడు ఇక్కడి గనుల్లోంచి తీసిన పలకరాయి మీద ఊరూరా పిల్లలు ఓనమాలు దిద్దుకున్నారు. పలక మీద రాత ఎంతసేపు? తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే పొద్దున దిద్దిన ‘అ’ సాయంత్రానికి లేదు. పోయిందే అని ఏడ్చిన పిల్లలూ లేరు.

పెద్దయ్యాకే వస్తుంది, తను రాసింది చెరిగిపోకూడదన్న తాపత్రయం. అది మంచిదా, చెడ్డదా? శాసనం రాయి ముందు నిలబడినప్పుడల్లా నాకీ సందేహం కలుగుతుంది.

మనవైపు శాసనాలకేం కొదవలేదు. మార్కాపురం చెన్నకేశవస్వామి గుడిలో విజయనగర కాలం నాటివి ఉన్నాయి. కంభం దగ్గర తురిమెళ్ళ శాసనం ఇంకా పాతది. బాదామి చాళుక్యుడు మొదటి విక్రమాదిత్యుడి నాటిది, అంటే 7వ శతాబ్దం. కడప జిల్లా కలమళ్ళలో రేనాటి చోళుల శాసనం సుమారు 575 నాటిది. దొరికిన తెలుగు శాసనాల్లో అదే మొదటిదంటారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఐర్లండు దేశంలో నిలువురాళ్ళ అంచుల మీద గాట్లు పెట్టి ‘ఒగం’ అనే లిపిలో రాసుకునేవారు. చాలావాటి మీద ఉన్నది ఇంతే: ఫలానా వాడు, ఫలానా వాడి కొడుకు! సముద్రాల అవతలైనా మనిషి కోరిక ఒకటే.

నవ్వకండి. ఒక్కసారి మీ వంటింట్లో స్టీలు గిన్నెలు చూడండి. పేరు చెక్కించకుండా ఏ పెళ్ళికైనా బిందె చదివించామా? గుడికి ఫ్యాను ఇచ్చినాయన రెక్కల మీద పేరు రాయించుకుంటాడు. తిరుగుతుంటే పేరు కనపడదు, కనపడాలంటే గాలి ఆగాలి! ఇస్తే ఇచ్చారు, పేరెందుకు అనిపిస్తుంది.

కానీ పాత దానశాసనాలను చివరిదాకా చదివితే ఇంకో సంగతి తెలుస్తుంది. పైన దాత పేరు ఉంటుంది, నిజమే. కింద మాత్రం రాబోయేవాళ్ళతో మాట ఉంటుంది. తను ఇవ్వడం కంటే ఇంకొకరు ఇచ్చినదాన్ని కాపాడటమే గొప్ప పుణ్యమని చాలావాటిలో శ్లోకం కనిపిస్తుంది. ఇచ్చిన భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్ళు పెంటలో పురుగై పుడతాడన్న శాపమూ ఉంటుంది. సైన్యాలున్న రాజులు కూడా, ఇంకా పుట్టనివాళ్ళను ఇలా బతిమాలుకుని, బెదిరించుకుని పోయారు. తమ తర్వాత ఏమీ తమ చేతుల్లో ఉండదని వాళ్ళకు తెలుసన్నమాట.

అలా చూస్తే, పద్నాలుగు వందల ఏళ్ళు ఆ పేరు నిలిచింది చెక్కించినవాడి గొప్పతనం వల్ల కాదు. ఆ రాయిని పగలగొట్టి గోడలో పెట్టుకోకుండా వదిలేసినవాళ్ళ వల్ల. వాళ్ళెవరో ఏ రాతి మీదా లేదు.

మన ఇళ్ళల్లో ఆ పని ఎవరు చేస్తున్నారో వేరే చెప్పాలా? మా ఇంట్లో అటక మీద మా అత్తగారి పేరున్న రాగి గంగాళం ఉంది. గీజరు వచ్చాక దానికి పని లేదు. పాత సామానుకు వేస్తే బోలెడు డబ్బొస్తుందని పిల్లలంటారు. వాళ్ళ మాటలో తప్పు లేదు. కానీ ఆవిడ వేళకాని వేళ ఎవరొచ్చినా ఆ గంగాళంలో వేణ్ణీళ్ళు సిద్ధంగా ఉంచేవారు. ఆ మర్యాద ఇంట్లో పోయి, గంగాళం ఒక్కటే అటక మీద మిగిలితే ఆవిడ పేరు నిలిచినట్టా? శాసనం మిగిలి, దానిలో చెప్పిన దీపం ఆరిపోయిన గుళ్ళు ఎన్ని లేవు!

పేరు నిలవాలనుకోవడం తప్పని నేననను. అయితే అలా కోరుకునే ముందు, మనకంటే ముందువాళ్ళు మన చేతిలో పెట్టిపోయినది ఏం చేశామని అడుక్కోవాలి. గంగాళం సంగతి రేపు తేల్చుకోవచ్చు. వేళకాని వేళ వచ్చినవాళ్ళకు వేణ్ణీళ్ళ సంగతి మాత్రం ఇవాళే చూడాలి. ఏమంటారు?