ఎవరి పాలు?

తెలుగున 'పాలు' అను మాటకు రెండర్థములు గలవు. పొదుగునుండి పిదుకునది యొకటి. వంతు, భాగము అనునది రెండవది. ఈ రెండును ఒక్క మాటగా నుండుట కాకతాళీయమే కావచ్చును. అయినను నాలుగు మేకలను, పండ్రెండు కోళ్లను పెంచుకొనుచున్న నాకు ప్రతిదినము తెల్లవారుజామున ఆ రెండర్థములును ఒక్కసారిగనే స్ఫురించుచుండును. చెంబులో పడుచున్న యీ పాలు ఎవరి పాలు?

నేను ఉపాధ్యాయుడను. ఊరిచివర ఎకరమునకు లోపుగా మెట్టనేల యున్నది. కోడి కూయగనే లేచి, రాత్రి మూసిన గూటి తలుపు తీసి, ముంగిసయో జంగుపిల్లియో వచ్చిపోయినదేమో యని కోళ్లను లెక్కించుట నా మొదటి పని. పిమ్మట గంపక్రింది మేకపిల్లలను విడుతుము. నా భార్య పాలు పిదుకును. నేను అవిసెకొమ్మలు కోసి యెత్తున వ్రేలాడగట్టుదును. నేలబడి మట్టియంటిన మేతను మేక ముట్టదు. బడివేళలోపల కొట్టము ఊడ్చి, తొట్టి కడిగి నీరు నింపవలెను. సాయంకాలము మరల ఇదియే. పండుగ యనిగాని, జ్వర మనిగాని యీ పనికి సెలవు లేదు. పట్నమునుండి వచ్చిన మిత్రులు దీనినంతయు జూచి, "ఎంత ప్రశాంతమైన జీవితము!" అందురు. ప్రశాంతమే. నిర్దోషమా యన్నదే నా సందేహము.

మేక ఐదునెలలు మోసి యీనును. తరచు కవలలనే యీనును. ఈనక పాలు లేవు. పుట్టినవానిలో సగము పోతులు. పెట్ట 21 దినములు పొదిగి లేపిన పిల్లలలోను సగము పుంజులే. మంద కొక పోతు, పది పెట్టల కొక పుంజు చాలును. మిగిలినవి యేమి కావలెను? మా యింట మాంసము తినము. పాలు త్రాగుదుము, గ్రుడ్లు తిందుము. కావున ఆ ప్రశ్న మాది కాదని చాలకాలము తలచితిని.

రెండేండ్ల క్రిందట మా మేక రెండు పోతుపిల్లలను ఈనినది. ఒకదాని నుదుట తెల్లని మచ్చ యుండుటచే మా అమ్మాయి దానికి చుక్కడని పేరుపెట్టెను. అవి ఎనిమిదినెలలు పెరుగునప్పటికి వేసవి ముదిరి మేత కరవయ్యెను. పిల్ల బడికి పోయిన సమయమున వానిని వర్తకునికి అమ్మితిని. సాయంకాలము, "చుక్కడేడీ నాన్నా?" అని యడుగగా, "మామయ్యగారి యూరికి పంపితినమ్మా" అని చెప్పితిని. సెలవులలో మామయ్య యింటికి పోయి ఆ పిల్ల దొడ్డి యంతయు వెదకినదట. తిరిగివచ్చి నన్నొక్కమాట యైన ననలేదు. మరునాటి యుదయమున పాలగ్లాసు బల్లమీదనే విడిచి బడికి పోయినది.

ఆ వారముననే, మావద్ద నిత్యము మేకపాలు కొను పెద్దమనిషి యొకరు, "మాస్టరుగారూ, తమవంటివారు మూగజీవములను కటికవానికి అమ్మవచ్చునా?" అని మందలించిరి. పాలచెంబు వారి చేతిలోనే యున్నది. మొదట నాకు కోపము వచ్చెను. వెనువెంటనే సిగ్గు కలిగెను. వారు నన్ను జూచినట్లే గదా నేను ఆ వర్తకుని జూచితిని! అతనిని కంచెవెలుపలనే నిలిపి సొమ్ము పుచ్చుకొంటిని. దాహమిమ్మని యడుగునేమో యని తొందరగ పంపివేసితిని. కత్తి పట్టినవాడు హీనుడు, ఆ కత్తివలన మిగిలిన పాలు త్రాగినవాడు పవిత్రుడు! మన సంఘములో హెచ్చుతగ్గులు పెక్కులు ఇట్టి లెక్కమీదనే నిలిచియున్నవి. పాలు మన పాలు, పిల్ల కత్తి పాలు, పాపము మాత్రము పరుల పాలు.

పోతులనన్నిటిని పోషించరాదా యందురేమో. నాలుగు మేకలు ఏటేట కవలలను ఈనినచో సగటున ఏటికి నాలుగు పోతులు, ఐదేండ్లకు ఇరువది. నా నేలలోని అవిసెచెట్లు వానికి నెలదినములైన చాలవు. ఆకలిచే చంపుట కత్తిచే చంపుటకంటె దయ గాదు.

పాలను, గ్రుడ్లను మానుట రెండవ మార్గము. ఇది తర్కమునకు నిలుచును, ఆచరించువారికి నమస్కారము. కాని రెండు మేకలే ఆస్తిగా గల భూమిలేని వితంతువునకు ఆ పోతుపిల్లయే బిడ్డ బడిఖర్చు, జ్వరము వచ్చిననాటి మందు. నెలజీతము తినుచున్న నేను ఆమెకు ధర్మోపదేశము చేయజాలను.

గాంధీమహాత్ముడు 1912లో పాలు విడిచిరి. ఆవులను, గేదెలను పిదుకుటలోని క్రూరపద్ధతులను గూర్చి తెలిసికొనుటయు అందుకొక కారణము. 1918లో తీవ్రముగ జబ్బుపడి తేరుకొనలేకున్న దశలో, మేకపాలకు అభ్యంతరమేమని కస్తూరిబా యడుగగా అంగీకరించిరి. ప్రతిజ్ఞలోని మాట నిలిచినదేగాని భావము నిలువలేదని ఆత్మకథలో తామే యొప్పుకొనిరి. నాకు ఆదర్శమైనది ఆ మేకపాలు గాదు, ఆ యొప్పుకోలు. వారు త్రాగిరి, త్రాగి, తాము నిర్దోషులమని చెప్పుకొనలేదు.

పెద్ద పరిశ్రమలలో ఈ లెక్క మరింత కఠినము. గ్రుడ్లకై పెంచు జాతులలో పుంజుపిల్లలను పుట్టిననాడే చంపుట పలుదేశముల వాడుక. జర్మనీ 2022 ఆరంభమునుండి దీనిని చట్టముచే నిషేధించినది. అచట గ్రుడ్డులో నుండగనే ఆడమగలను గుర్తించు పద్ధతులు వచ్చినవి. తినువారు అడిగిననేగాని అట్టి చట్టములు పుట్టవు. అడుగవలెనన్న ముందు ఎరుగవలెను.

నాకు తోచిన మార్గము మూడవది, చిన్నది. తీసికొనువాడు లెక్క యొప్పుకొనవలెను. ఒప్పుకొన్నపిదప చేయగల దయనెల్ల చేయవలెను. ఈనిన తొలిదినముల జున్నుపాలు పూర్తిగ పిల్లవి. తరువాతను పిల్ల కడుపునిండినపిదపనే చెంబు పట్టవలెను. పాలు మానకమునుపు పిల్లను అమ్మరాదు. కోళ్లకు కొక్కెరతెగులు టీకా వేయింపవలెను; కాళ్లు కట్టి సైకిలుకు తలక్రిందుగ వ్రేలాడదీసి కొనిపోవువారికి ఈయరాదు. వర్తకుడు వచ్చినపుడు అరుగుమీద కూర్చుండబెట్టి మంచినీరీయవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, పిల్లలతో అబద్ధమాడరాదు.

ఈ కడపటిది నాకు మిక్కిలి కష్టమైనది. ఒకనాటి సాయంకాలము అవిసెకొమ్మలు కట్టుచు మా అమ్మాయితో ఉన్నదున్నట్లు చెప్పితిని; అబద్ధమాడినందుకు క్షమింపు మంటిని. పిల్ల చాలసేపు ఊరకుండి, "ఈసారి పుట్టినవానికి పేరు పెట్టవచ్చునా?" అని యడిగెను. "పెట్టు మమ్మా" అంటిని. పేరులేని ప్రాణిని అమ్ముట సులభము. ఆ సులభము నాకు వలదు.

ఆమె నేటికిని పాలు ముట్టదు. నేను త్రాగుచునే యున్నాను. మా యిద్దరిలో ధర్మమెవరిదో తేల్చుటకు నాకు శక్తి చాలదు. ఐనను తెల్లవారగనే ఇద్దరమును గూటియొద్దకు పోయి కోళ్లను లెక్కింతుము. గంప యెత్తి పిల్లలను తల్లికి విడుతుము. చదువరులారా, రేపటి యుదయమున పాలగ్లాసు చేతికందినపుడు క్షణకాలమాగి, ఇది ఎవరి పాలని మిమ్ములను మీరు ప్రశ్నించుకొనుడు. త్రాగుటయో మానుటయో అటుపిమ్మట మీ యిష్టము.