అమ్మ వదిలిన మామిడి

మాది నూజివీడు. వేసవి వస్తే మా ఇంట్లో ఒక గదంతా ఎండుగడ్డి పరిచి చిన్నరసాలు మాగేసేవారు. మేం ఆ వాసనలోనే పెరిగాం. ఆ ఇంటి ఇల్లాలు, మా అమ్మ, 1986లో కాశీ వెళ్లి, తొమ్మిది నిద్రలు చేసి, మామిడిపండు వదిలేసి వచ్చింది.

పండే కదా వదిలింది, కాయ తినొచ్చుగా అని వాదించాను. "చెట్టు ఒకటేగా" అంది. దాంతో ఆవకాయ కూడా పోయింది. ఆమె కంచంలోంచి పోయింది గానీ మాకు పెట్టడం మాత్రం మానలేదు. మూడోనాడు జాడీ తెరిచి తిరగకలిపేటప్పుడు నన్ను పిలిచి, గరిటె అంచున కాస్త గుజ్జు తీసి నా నాలుక మీద పెట్టి "ఉప్పు చూడవే" అనేది. నేను చెప్పేలోపే నా మొహం చూసి తెలుసుకునేది. ఇంకాస్త అంటే ఇంకో గుప్పెడు వేసేది. ఇరవై రెండేళ్లు అలాగే పెట్టింది. ఆ ఆవకాయల రుచి మాకే తెలుసు, ఆమెకు తెలియదు.

కాశీలో కాయో పండో వదలడమే అపార్థం అంటారు కొందరు. పెద్దలు వదలమన్నది కాయాపేక్ష, ఫలాపేక్ష. కాయమంటే ఒళ్లు, ఫలమంటే చేసిన పనికి వచ్చే ఫలితం. మనవాళ్లు దాన్ని కూరగాయా పండూ చేసుకున్నారట. కాలేజీ రోజుల్లో ఈ మాట విని నేనూ అమ్మకు చెప్పాను. ఆమె బియ్యం ఏరడం ఆపలేదు. "ఒంటి మీద ఆశ వదిలానో లేదో నాకెట్లా తెలుస్తుందే? పండు వదిలానో లేదో తెలుస్తుంది" అంది. దీనికి జవాబు చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేను.

మొన్న మాఘంలో నాకు కాశీలో రెండు రోజులు దొరికాయి. 1830లో చెన్నపట్నం నుంచి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారికి వెళ్లి రావడానికి పదిహేను నెలలు పట్టింది. నేను పొద్దున విమానం ఎక్కి మధ్యాహ్నానికి దిగాను.

చీకటితోనే కేదారఘాట్‌లో పడవ ఎక్కాను. అక్కడి పడవవాళ్లకు కాస్త తెలుగు వచ్చు. "జాగ్రత్తమ్మా" అంటూ పడవతను చెయ్యి అందించాడు. కాశీలో గంగ ఉత్తరానికి పారుతుంది. ఊరంతా పడమటి ఒడ్డునే, ఎదుటి ఒడ్డు ఉత్త ఇసుక. సూర్యుడికీ మెట్లకూ మధ్య అడ్డేమీ ఉండదు. ఒక్క పూటే ఉండేవాళ్లు ముందు ఈ సూర్యోదయం చూడాలి. విశ్వేశ్వరుడి కోసం రెండు గంటలు క్యూలో నిలబడ్డాను. అహల్యాబాయి హోల్కర్ 1780లో కట్టించిన ఆ గుడిలో నాకు దక్కింది రెండు క్షణాలు, అవి చాలు. సాయంత్రం దశాశ్వమేధ ఘాట్‌లో హారతి చూశాను.

ఎక్కువసేపు ఉన్నది మణికర్ణిక శ్మశానఘాట్‌లోనే. కొండల్లా పేర్చిన కట్టెల మధ్య పెద్ద కాటా వేలాడుతోంది. ఒకతను ఒక తట్టలో రాళ్లు వేసి, రెండో తట్టలో దుంగలు పెడుతున్నాడు. తూకం మొగ్గితే పెద్ద దుంగ తీసి చిన్నది వేశాడు. పక్కనే అప్పుడే గుండు చేయించుకున్న కొడుకు ధర అడుగుతున్నాడు. కాయాపేక్ష అన్న మాట నాకు అక్కడ అర్థమైంది, అదీ అరగంట సేపే. గొదౌలియా దాకా నడిచేసరికి ఆకలేసింది. వేడి కచోడీ తిన్నాను, రుచిగా ఉంది. చితి ముందు నిలబడి వచ్చినా ఒంటి మీద ఆశ పోదు. పోయిందనుకోవడం సులువు, అంతే.

రెండో రోజు సారనాథ్, అక్కడికి పది కిలోమీటర్లు. ధమేక్ స్తూపం చుట్టూ తిరిగాను. బుద్ధుడు తొలి బోధ చేసింది అక్కడే. భోగాల్లో మునగడమూ వద్దు, ఒళ్లు మాడ్చుకోవడమూ వద్దన్నాడు. దుఃఖానికి మూలం తృష్ణ అన్నాడు. తృష్ణ అంటే దాహం, అది తెలిసేది నాలుకకే. అమ్మ మొదలుపెట్టింది అక్కడినుంచే. ఒళ్లు మాడ్చుకోలేదు, ఇంట్లో ఎవరికీ రుచి తగ్గించలేదు. గీతలోని ఫలత్యాగం మీద ఎన్నో ప్రవచనాలు విన్నాను. ఫలం ఆశించకుండా చేసిన పని కళ్లారా చూసింది మాత్రం ఆ జాడీ దగ్గరే.

తిరుగు ప్రయాణానికి ముందు కేదారఘాట్‌లో మూడు మునకలు వేసి నేనూ మామిడి వదిలాను. మీరు కాశీ వెళ్తే, రెండు రోజులకే అయినా, ఏదో ఒకటి వదిలి రండి. ఎప్పుడూ ముట్టని కాకరకాయ పేరు మాత్రం చెప్పకండి. తలుచుకుంటే నోరూరేది వదలండి. ఇంటికొచ్చాక అది మీ చేత్తోనే పదిమందికీ వడ్డించండి.