ట్రంకుపెట్టె అడుగున

పఠన భాగములు: ఆదికాండము 31:14–35, 35:1–4, నిర్గమకాండము 13:19



పోయిన నెలలో నాకు బదిలీ ఉత్తరువు వచ్చెను. ఆరు సంవత్సరములు కాపురమున్న ఇల్లు ఖాళీచేసి, వచ్చు కాపరిగారికి తాళములు అప్పగింపవలెను. వంటయిల్లు సర్దుట ఒక పూటలో ముగిసెను. వసారాలో అసలు పనియే లేదు. అచ్చటి బల్లలు, కుర్చీలు సంఘమువారివి. పడకగది మాత్రము మూడు దినములు పట్టెను.

షూనేములోని ఘనురాలైన స్త్రీ ఎలీషా ప్రవక్త కొరకు మేడమీద కట్టించిన గదిని గూర్చి రాజుల రెండవ గ్రంథము నాలుగవ అధ్యాయములో చదువుచున్నాము. మంచము, బల్ల, పీట, దీపస్తంభము. నాలుగే వస్తువులు. ఆయనకు బదిలీ వచ్చినయెడల చేతికఱ్ఱ తీసికొని మెట్లు దిగిన చాలును. నేను ప్రవక్తను కాను. మా గదిలోనుండి నవారు మంచము, రెండు పరుపులు, ఏడు బొంతలు, కాలు విరిగిన ఊయల, నడవని గడియారములు రెండు, ఏనాటివో ప్రసంగముల నోటుపుస్తకములు ఒక గోనెసంచి నిండ బయటికి వచ్చెను.

పడకగదికి ఒక గుణమున్నది. నలుగురు చూడవలెనని కోరుకొనువాటిని మనము ముందుగదిలో పెట్టుదుము. వాక్యపు పటము అచ్చటనే, పిల్లవాని బహుమానము అచ్చటనే. పడకగది గుమ్మము చుట్టములు కూడ దాటరు. అందుచేత ఒకరికి చూపలేనిది, పారవేయనూ లేనిది, అక్కడికే చేరును. ఒంటిగది ఇండ్లవారు, మాకు పడకగది ఎక్కడిదయ్యా అని అడుగుదురేమో. మీకు అటకమీద ఒక పెట్టెయో, దూలమునకు వ్రేలాడు ఒక సంచియో లేకపోదు. నేను చెప్పుచున్నది దానిని గూర్చియే.

మా మంచము క్రింద ఒక ఇనుప ట్రంకుపెట్టె ఉన్నది. మా పెండ్లికి మామగారు కొనియిచ్చినది. దాని అడుగున ఏమున్నదో మా ఇద్దరికిని తెలియును గనుక, వెనుకటి బదిలీలలో పైబట్టలు మాత్రము తీసి దులిపి, కొత్త కలరా ఉండలు వేసి, తాళము బిగించి బండి ఎక్కించితిమి. ఈసారి అడుగురేకు త్రుప్పుపట్టి చిల్లిపడినది. పూర్తిగా ఖాళీ చేయక తప్పలేదు.

అడుగున రెండు వస్తువులుండెను. ఒకటి నా భార్య దాచినది, ఒకటి నేను దాచినది. ఆమెది పసుపుపచ్చని చిన్న గౌను. 2014వ సంవత్సరములో జ్వరముతో ప్రభువునొద్దకు వెళ్లిన మా పెద్దపాపది. దానికి అప్పుడు నాలుగేండ్లు. నాది నీలిరంగు ఇన్లాండు ఉత్తరము. ఆ సంవత్సరమే మా అన్న వ్రాసినది.

యాకోబు ఇల్లు ఖాళీచేసిన దినము నాకప్పుడు జ్ఞాపకము వచ్చెను. ఇరువది సంవత్సరములు లాబాను కొలువు చేసి, మామ గొఱ్ఱెల బొచ్చు కత్తిరించుటకు పోయిన సమయము చూచి, చెప్పకుండ బయలుదేరెను. ఆ సర్దుళ్ల సందడిలో రాహేలు తన తండ్రి గృహదేవతలను దొంగిలించెను. ఏల దొంగిలించినది? ఇరాకు దేశములో కిర్కూకు దగ్గర నూజీ అను ప్రాచీన పట్టణమును 1925 మొదలు 1931 వరకు త్రవ్విరి. అచ్చట దొరికిన మట్టిపలకలలో గృహదేవతలకును వారసత్వమునకును సంబంధమున్నట్లు కనబడెను. రాహేలు ఆస్తి హక్కు కొరకే వాటిని తీసికొన్నదని కొందరు పండితులు చెప్పిరి. 1962లో మోషే గ్రీన్‌బర్గ్ అను పండితుడు ఆ వాదము నిలువదని వ్రాసెను. సెమినరీలో మా గురువుగారు రెండును చెప్పి, పరీక్షలో రెండూ వ్రాయుడనిరి.

నాకు తోచునది వేరు. ఆస్తికో, భక్తికో, ఆ సంగతి ఎట్లున్నను ఆమె కడుపులో తండ్రిమీద ఒక మాట ఉండెను. తమకు పుట్టింట పాలు లేదనియు, తమవలన వచ్చిన సొమ్మును తండ్రి తినివేసెననియు అక్కచెల్లెండ్రు ఇద్దరును చెప్పుకొనిన సంగతి అదే అధ్యాయములో ఉన్నది. ఆ మాటను మూటగట్టి ఆమె ఒంటె సామగ్రిలో పెట్టినది. లాబాను ఏడు దినముల ప్రయాణమంత దూరము తరిమి, గిలాదు కొండమీద వారిని కలిసికొని గుడారములన్నియు వెదకెను. ఆమె దానిమీదనే కూర్చుండి, ఒంట్లో బాగుండక లేవలేకపోవుచున్నానని చెప్పినది. భర్తకు తెలియదు. తెలియకయే, అవి ఎవరియొద్ద దొరుకునో వారు బ్రదుకకూడదని ఆయన నోటితో అనెను.

ఆ తరువాత యాకోబు తన అన్న ఏశావుతో సమాధానపడెను. దానికి ఎంత సిద్ధపాటు! ముందుగా పంపిన కానుకలో మేకలు, గొఱ్ఱెలు, ఒంటెలు, ఆవులు, గాడిదలు, ఒంటె పిల్లలను విడిచి లెక్కించినను 550. ఏడుమారులు నేలను సాగిలపడెను. ఏశావు పరుగెత్తి వచ్చి కౌగలించుకొనెను. ఇంత జరుగుచున్నప్పుడు కూడ ఆ ఒంటె వెనుక నిలిచియే ఉన్నది. దాని సామగ్రిలో మూట అట్లే ఉన్నది.

ఈ అధ్యాయముమీద నేను రెండుసార్లు ప్రసంగించితిని. రెండుసార్లును బాగుగా చెప్పితినని పెద్దలు అనిరి. ఆ రెండు రాత్రులును నేను నా ఉత్తరముమీదనే పండుకొంటిని. రాహేలు కూర్చున్నది, నేను పండుకొంటిని.

సంగతి ఏమనగా, మా తండ్రి చనిపోయిన తరువాత బావి క్రింది అరయెకరములో నా భాగము నేనడిగితిని. మా అన్నకు ఫోనులో మాటాడుట చేతకాదు, కోపము వచ్చినప్పుడు అసలే కాదు. గనుక వ్రాసెను: "నీ చదువుకని నాన్న ఆ చెక్క తాకట్టు పెట్టాడు. విడిపించినవి నా రెక్కలు. ఇప్పుడు నన్ను భాగం అడుగుతావా?" ఈ మూడు వాక్యములు నాకు కంఠతా వచ్చును. ప్రభువు బల్ల యొద్ద రొట్టె విరుచునప్పుడు కూడ ఒక్కొక్కసారి నోటిలో తిరిగినవి. గట్టు తగవులో ఎడమొగము పెడమొగమైన రెండు కుటుంబములను ఈ సంఘములోనే నేను కలిపితిని. ఈ ఉత్తరమును మాత్రము, నాకు జరిగిన అవమానమునకు సాక్ష్యమని, భద్రము చేసితిని.

ఈసారి కళ్లద్దాలు పెట్టుకొని చదివితిని. మడత అంచున, చోటు చాలక అడ్డముగా, ఇంకొక వరుస ఉన్నది. "పాపకు జ్వరం తగ్గిందా? మీ వదిన రోజూ అడుగుతోంది."

ఆనాడు ఆ వరుస చదివితినో లేదో నాకు జ్ఞాపకము లేదు. చదివినను కోపములో కనబడలేదేమో. ఉత్తరము అందిన పదునొకండవ దినమున పాప పోయెను. అన్నకు నేను కబురు చేయలేదు. ఊరివారి నోట విని ఆయన వచ్చునప్పటికి సమాధి మూసివేసితిమి. ఆయన కొంతసేపు అచ్చట నిలువబడి, అటునుండి అటే బస్సెక్కి వెళ్లెను. నా ఇంటి గుమ్మము త్రొక్కలేదని దానిని కూడ నేను ఆయన తప్పుల లెక్కలోనే వ్రాసికొంటిని.

నా భార్యకు చదివి వినిపించితిని. ఆమె గౌను ఒడిలో పెట్టుకొని కూర్చుండెను. "పొయ్యిలో వేసేస్తాను దీన్ని," అంటిని. "ముందు దానికి జవాబు చెప్పండి. తర్వాత కాలుద్దురు గాని," అనినది.

దేవుడు బేతేలునకు లెమ్మని చెప్పినప్పుడు గాని యాకోబు ఇంటివారిని అడుగలేదు. అడిగినప్పుడు వారు దేవతలను, చెవిపోగులను సహా తెచ్చియిచ్చిరి. షెకెము దగ్గర మస్తకి వృక్షము క్రింద ఆయన వాటిని పాతెను. రాహేలు ఏమి తెచ్చినదో గ్రంథములో వేరుగా చెప్పబడలేదు. తెచ్చినదనియే నేను నమ్ముచున్నాను.

అయితే గౌను సంగతి? మనలో కొందరు బోధకులు, పోయిన బిడ్డ బట్టలు దాచుకొను తల్లులను అవిశ్వాసులని గద్దించుట నేను వినియున్నాను. నేనును ఒకప్పుడు అట్లు చెప్పబోయి, నా భార్య ముఖము చూచి మానుకొంటిని. ఐగుప్తు విడిచిన దినమున ఇశ్రాయేలీయులు ఇరుగుపొరుగువారిని వెండి బంగారములు అడిగి తీసికొనిరి. మోషే యోసేపు ఎముకలను తీసికొనెను. నలుబది సంవత్సరములు ఎడారిలో ఆ పెట్టెను మోసిరి. బరువని ఎవరును దింపివేయలేదు. యెహోషువ గ్రంథము చివరి అధ్యాయము చూడుడి. ఆ ఎముకలను ఎచ్చట పాతిరి? షెకెములోనే, హమోరు కుమారులయొద్ద యాకోబు కొనిన పొలములో. ఈనాడు నాబ్లుస్ అని పిలువబడు పట్టణము దగ్గర, గెరిజీము ఏబాలు కొండల నడుమ ఆ చోటు ఉన్నది. విడువవలసిన మూటయు, తలకెత్తుకొని తేవలసిన పెట్టెయు ఒకే ఊరి మంటిలోనికి చేరెను. ఏది ఏదో మంచము క్రిందికి వంగి చూచినగాని తెలియదు.

గౌను మరల పెట్టెలో పెట్టితిమి. ఉత్తరము నా జేబులో పెట్టుకొంటిని. క్రొత్త ఊరికి పోవు దారిలో మా స్వగ్రామమునకు రోడ్డు చీలును, 12 కిలోమీటర్లు. ట్రాలీ ఆటో అబ్బాయి, "చుట్టు తిరగాలంటే ఇంకో మూడు వందలు ఇవ్వాలి పాస్టరుగారూ," అనెను. యాకోబునకైన ఖర్చుతో పోల్చిన ఇది చౌకయే గనుక ఇచ్చితిని.

అన్న దొడ్డిలో గేదెకు కుడితి పెట్టుచుండెను. దారి పొడుగునా కూర్చుకొనిన మాటలు ఒకటియు రాలేదు. ఉత్తరము చేతికిచ్చి, "అన్నయ్యా, దీనికి జవాబు చెప్పడానికి వచ్చాను," అంటిని. ఆయన దానిని అటునిటు త్రిప్పి చూచెను. "పాపకు తగ్గలేదు అన్నయ్యా," అంటిని. ఆయన కుడితి తొట్టి అంచుమీద కూర్చుండిపోయెను. చాలసేపటికి, "సామాను ఎండలో ఉంది, బండి చెట్టు కిందికి తిప్పించు," అని మాత్రము అనెను. పొలము మాట నేనెత్తగా చెయ్యి అడ్డము పెట్టెను. ఉత్తరమును ఏమి చేసెనో నేనడుగలేదు.

భోజనమైన పిమ్మట వదిన నా భార్యను మెల్లగా ఏదో అడిగెను. ట్రంకుపెట్టె క్రిందికి దింపించితిమి. ఆడవారిద్దరును గౌను పట్టుకొని లోపలికి వెళ్లిరి. మా అన్న పెట్టెను బోర్లించి చిల్లి చూచి, గేదెల పాకలోనుండి రేకుముక్క ఒకటి తెచ్చి, అడుగున అతుకు వేయ మొదలుపెట్టెను. నేను రేకు కదలకుండ పట్టుకొంటిని.