పెసరగింజయు, శ్రావకుని తక్కెడయు



చైత్ర, ఆశ్వయుజ మాసములలో ఆయంబిల్ ఓళీ తొమ్మిదేసి దినములు జరుగును. నేయి, నూనె, పాలు, పెరుగు, బెల్లము విడిచి దినమునకు ఒక్కపూట భుజించు శ్రావకునికి ఆ దినములలో ఆధారమైనది ఏది? నీళ్ళలో ఉడికించిన పెసలు. నాలుకను జయింపబూనిన వానికి ఒడలి బలము తగ్గకుండ కాపాడు గింజ యిది. కోలారు సీమలో కన్నడమువారు దీనిని హెసరు అందురు, తెలుగువారు పెసలు అందురు, మార్వాడీ ఇండ్లలో మూంగ్ అందురు. పేర్లు మూడైనను గింజ ఒక్కటే.

దీని గుణమును పెద్దలు అనుభవముచేత ఎరుగుదురు. నేటి శాస్త్రము లెక్కలతో చెప్పుచున్నది. నూరు గ్రాముల ఎండు పెసలలో సుమారు 24 గ్రాముల మాంసకృత్తులు, 16 గ్రాముల పీచు ఉండును. కొవ్వు ఒక గ్రాముకు కొంచెము పైన మాత్రమే. పేరు మాంసకృత్తులైనను వీనికి మాంసముతో పనిలేదు. బియ్యములో కొరతగా నుండు లైసిన్ అను పదార్థము పెసలలో సమృద్ధిగా కలదు. కనుకనే పెసరపప్పు కలిపిన పులగము ముసలివారికి, బిడ్డలకు, జ్వరము తగ్గినవారికి తగిన ఆహారమైనది. పైన నిమ్మరసము పిండినచో గింజలోని ఇనుము ఒంటికి బాగుగా పట్టును.

జైన గృహిణి పెసరట్టులో ఉల్లి, పచ్చి అల్లము చేర్చదు. శొంఠి, జీలకర్ర, మిరియాలతోనే దానికి రుచి తెచ్చును. ద్విదళ దోషము కలుగకుండ, కాచని పెరుగును పెసరపప్పుతో కలపదు. మొలకెత్తిన గింజ అనంతకాయమని కొందరు గురువులు దానిని వలదందురు. ఎవరి గురుసంప్రదాయము వారికి ప్రమాణము. సూర్యాస్తమయమునకు ముందే భుజించుట మాత్రము అందరికిని మేలు.

ఇక చేనికి పోదము. పెసరచెట్టు వేళ్ళ బుడిపెలలో నుండు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి చెట్టునకు అందించును. రెండు, రెండున్నర నెలలలో పంట చేతికి వచ్చును. కాయలు కోసిన పిమ్మట చెట్టును దున్నివేసినచో అదియే నేలకు ఎరువగును. రసాయన ఎరువులు, పురుగుమందులు లేక ఇట్లు పండించిన దానినే సేంద్రియపు పంట అందురు. మందు చల్లని చేనిలో లెక్కలేని ప్రాణులు బ్రతికి పోవును. అయినను ఇందులో హింసయే లేదనుట తగదు. నాగలి క్రిందను జీవులు నలుగును. సంకల్పించి చేయు హింసను విడుచుట, వృత్తివలన కలుగు హింసను తగ్గించుకొనుట, ఇదియే గృహస్థుని వ్రతము.

ఈ వ్రతము చేనితో ముగియదు, అంగడి గిడ్డంగిలోనికి వచ్చును. పెసలకు పుచ్చుపురుగు త్వరగా పట్టును. పట్టిన పిదప విషపు బిళ్ళలు పెట్టి వేల ప్రాణులను చంపుట కంటె పట్టకముందే జాగ్రత్తపడుట మేలు. క్రొత్త గింజను బాగుగా ఎండబెట్టి, గాలి చొరని డబ్బాలలో పోసి, అమ్మగలిగినంత సరకే కొనవలెను. అట్లు చేసినచో లాభము కొంత తగ్గవచ్చును. ఆ తగ్గినదే వ్రతమునకు చెల్లించిన వెల.

కోలారు బంగారు గనులు 2001లో మూతపడినవి. నాటినుండి అక్కడివారు అనేకులు తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరులో పనికి పోవుచున్నారు. అట్టి యింటి ఇల్లాలు రాబర్ట్‌సన్‌పేటలో ఒక అంగడికి వచ్చి, బిడ్డకు మంచిదని సేంద్రియ పెసలు ఒక కిలో అడిగెననుకొనుడు. ఆ సంచి నిన్ననే అయిపోయినది. ప్రక్కనున్న సంచిలో మామూలు పెసలు అదే రంగుతో, అదే నిగనిగతో ఉన్నవి. వెల మాత్రమే తక్కువ. ఆ క్షణమున వర్తకుని చేయి ఏ సంచివైపు పోవును?

బంగారమునకు ఒరగల్లు కలదు. సేంద్రియ పెసలకు కంటిచూపు పరీక్ష లేదు. ఆ ఇల్లాలికి వర్తకుని మాటయే ఒరగల్లు. ఆమె అధికముగా ఇచ్చు ప్రతి రూపాయియు ఆ మాటపై నుంచిన నమ్మకమే. దేశములో 2017 నుండి సేంద్రియ ఆహారమునకు ప్రత్యేక నిబంధనలును, జైవిక్ భారత్ అను ముద్రయు వచ్చినవి. కాని ఈ చట్టమునకు ఎన్నో శతాబ్దములకు ముందే ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రములో అస్తేయ వ్రతమునకు కలుగు అతిచారములను చెప్పిరి. తప్పుడు తూనికయు, ఒక సరకును మరియొకటిగా చెలామణి చేయుటయు వానిలో చేరియున్నవి. గల్లాపెట్టె పగులగొట్టువాడే దొంగ కాడు, సంచిపై అబద్ధపు చీటి అంటించువాడును దొంగయే.

"అమ్మా, ఆ సరకు అయిపోయినది, ఇవి మామూలు పెసలు, వెల ఇంత" అని చెప్పుటకు ఎంత శ్రమ? ఆ దినము నాలుగు రూపాయలు తగ్గును, అంతే.

సంవత్సరి దినమున శ్రావకులు సకల జీవులకు మిచ్ఛామి దుక్కడం చెప్పుకొందురు. మోసపోయిన ఆ ఇల్లాలు అప్పుడు ప్రతిక్రమణ సభలో ఉండదు. తాను మోసపోతినని ఆమెకు తెలియను కూడ తెలియదు. ఆమె చేతికి సొమ్ము తిరిగి ఈయక, గాలికి చెప్పిన క్షమాపణ ఎవరికి చేరును? కనుక పర్యూషణము వచ్చువరకు వేచియుండక, ప్రతి సాయంకాలము అంగడి తలుపు వేయునపుడే సంచులను, చీటీలను, తక్కెడను ఒకమారు చూచుకొనుడు. క్షమాపణ అవసరము లేని వర్తకము చేయుటయే మొదటి క్షమాపణ.

జై జినేంద్ర!