దానం ఇచ్చే పద్ధతి



ఏప్రిల్ 14 దగ్గరపడితే మనలో కొందరం మేడ్చల్, శామీర్‌పేట వైపు ఇటుక బట్టీలకు పోతుంటాం. అక్కడ మట్టి పిసికేవాళ్లలో చాలామంది కరువు జిల్లా బలంగీర్ నుంచి, ఒడిశాలోని చుట్టుపక్కల జిల్లాల నుంచి అడ్వాన్సు తీసుకుని వచ్చినవాళ్లు. ఎక్కువమంది దళితులు, ఆదివాసీలే. వాళ్ల పిల్లలకు నోటుబుక్కులు, బిస్కెట్లు పంచుతాం. వరసగా నిలబెట్టి ఫోటో దిగుతాం. మన మనసు తేలికపడుతుంది. ఆ పిల్లల బరువు ఎంత తగ్గిందో ఎప్పుడైనా ఆలోచించారా?

"మంచి పని ఎట్లా చేస్తే ఏంది?" అంటారు కొందరు. బుద్ధుడు అట్లా అనలేదు. అంగుత్తర నికాయంలో సత్పురుషుని దానానికి ఐదు లక్షణాలు చెప్పాడు. శ్రద్ధతో ఇవ్వాలి, గౌరవంతో ఇవ్వాలి, తగిన సమయంలో ఇవ్వాలి, మనసు విప్పి ఇవ్వాలి, తనను గానీ ఎదుటివారిని గానీ కించపరచకుండా ఇవ్వాలి.

ఈ కొలతతో మన దానాన్ని చూడండి. బట్టీ పని చలికాలంలో మొదలై వానలకు ముందే ఆగుతుంది. మన బడులు తెరిచే జూన్‌లో ఆ కుటుంబాలు తిరిగి ఊరిబాట పడతాయి. వాళ్లు వచ్చిన నవంబరులో పలకరించనివాళ్లం, వెళ్లిపోయే ముందు నోటుబుక్కు ఇస్తే అది సమయానికి ఇచ్చినట్టా? ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్ల చేతిలో తెలుగు వాచకం పెట్టి చదువు ఇచ్చామనగలమా? చిరిగిన గౌనుతో ఉన్న ఆ పిల్ల ఫోటోను గ్రూపుల్లో తిప్పితే అది గౌరవమా?

పుచ్చుకోవడం ఎట్లా ఉంటుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. బాబాసాహెబ్ 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో కొలంబియా వెళ్లాడు. అది చిన్న సాయం కాదు. కానీ 1917లో ఒప్పందం ప్రకారం కొలువు చేయడానికి బరోడా వస్తే తలదాచుకోను చోటు దొరకలేదు. పార్సీల సత్రంలో దిగితే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. రాజు సొమ్ము చదువు చెప్పించగలిగింది, మనిషిగా నిలబడే చోటు ఇప్పించలేకపోయింది. అందుకే ఆయన దయను నమ్ముకుని ఆగలేదు, హక్కుల కోసం జీవితాంతం కొట్లాడాడు.

దానం మానమని కాదు. ఆకలిగొన్న పిల్లకు ముందు అన్నమే పెట్టాలి. పెట్టి అక్కడే ఆగొద్దంటున్నాను. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను, ఏడాది మధ్యలో వచ్చినా, వయసు పత్రం లేకపోయినా సర్కారు బడి కాదనకూడదు. ఒడియా టీచర్లతో బట్టీల దగ్గరే బడి నడిపిన అనుభవం కూడా మన రాష్ట్రానికి ఉంది. కాబట్టి బట్టీ రాజుకోగానే పోదాం. పిల్లల పేర్లు రాసుకుందాం. తల్లిదండ్రులకు ఏం కావాలో వాళ్లనే అడుగుదాం. హెడ్‌మాస్టరు దగ్గరికి, మండల విద్యాధికారి దగ్గరికి వాళ్లతో కలిసి నడుద్దాం.

ఈ పనికి పది రాకపోకలు పడతాయి. ఒక్క ఫోటో కూడా రాకపోవచ్చు. అయినా నవంబరులోనే బయల్దేరుదాం.

నమో బుద్ధాయ.