హాలాహలము – జారిన చుక్కలు



క్షీరసాగర మథన కథను మీరు పలుమార్లు వినియున్నారు. దేవదానవులు మందరగిరిని కవ్వముగను, వాసుకిని త్రాడుగను చేసికొని పాలకడలిని చిలుకగా తొలుత వెలువడినది అమృతము కాదు, హాలాహలము. ధన్వంతరి అమృతకలశముతో వచ్చుట ఆ పిమ్మటి మాట. పరమశివుడు లోకములపై కరుణతో ఆ గరళమును ఆరగించి నీలకంఠుడైన ఘట్టమును మనము భక్తితో చదువుకొందుము, అక్కడనే ఆగిపోవుదుము. కాని భాగవతము అష్టమస్కంధమున వ్యాసమహర్షి ఆ వెంటనే యింకొక విషయము చెప్పియున్నాడు. స్వామి త్రాగునప్పుడు చేతినుండి కొన్ని చుక్కలు జారినవట. వానిని తేళ్లును, పాములును, విషపు మొక్కలును గ్రహించినవట. సర్వలోకరక్షణ జరిగినది నిజమే. అయినను జారిన చుక్కలు ఊరక పోలేదు. అంతకుముందు బలహీనములైన అల్పప్రాణులకు వానివలన కోర మొలిచినది.

ఎన్నో యేండ్లు ఈ ఘట్టమును పాఠము చెప్పితిని. దాని బరువు నాకు తెలిసినది మొన్నటి కార్తికమాసమున, చిరాగ్‌పల్లిలో.

చిరాగ్‌పల్లి జహీరాబాదు దాటిన తరువాత కర్ణాటక సరిహద్దున, హైదరాబాదునుండి ముంబయికి పోవు రహదారిపై నున్న గ్రామము. రాత్రియనక పగలనక లారీలు, ట్యాంకర్లు పోవుచునే యుండును. ఆ హోరులో పురాణము చెప్పుట కొంచెము కష్టమే. ఆనాడు పురాణము ముగిసి జనులు వెడలిన తరువాత, ఏబది యేండ్ల రైతొకడు రుమాలులో చుట్టిన పైకము నా ముందుంచి, ముట్టుకొనవలదన్నట్లు చేయి అడ్డుపెట్టి ఇట్లనెను:

“అయ్యగారూ, అన్నదానానికి నా కొడుకు పంపిండు. తీస్కోవచ్చునా అని అడుగుతున్న. వాడు ట్యాంకర్ నడుపుతడు. మందుల కంపెనీల మురికినీళ్లు శుద్ధి చేసేకాడికి తీస్కపోవాలె. కొన్ని రాత్రులు అంతదూరం పోకుండ వాగుల ఇడిశిపెట్టి వస్తడు. దానికి వేరే పైసలిస్తరు. ఇవి ఆ పైసలే.”

ఆ వాగేదో, ఆ కర్మాగారమేదో నేనడుగలేదు, ఇక్కడ వ్రాయను. నాకు తోచిన సమాధానము వెంటనే చెప్పితిని: “నాయనా, నది తన ప్రవాహముచేతనే శుద్ధమగునని స్మృతి చెప్పుచున్నది. భయపడకుము.” అతడు తలయూపెను గాని రుమాలుపైనుండి చేయి తీయలేదు. శాస్త్రవాక్యమును అడ్డుపెట్టుకొని నేను సులభముగా తప్పించుకొంటినని ఆ చేయి నాకు చెప్పినది. రేపు రమ్మని అతనిని పంపివేసితిని. పట్టణమున సూక్ష్మజీవశాస్త్రము చదివిన నా పూర్వశిష్యుని రాత్రికి రాత్రి ఫోనులో అడిగితిని. అతడు చెప్పినదే, నా మాటలలో, మీకు విన్నవించుచున్నాను.

మన ఉమ్మడి మెదకు జిల్లాలోని పటాన్‌చెరువు ప్రాంతమున 1970 దశకమునుండి పరిశ్రమలు, ముఖ్యముగా మందుల కర్మాగారములు వెలసినవి. అచటి మురుగు నక్కవాగు గుండా మంజీరలో కలిసినది. 2007లో స్వీడన్ దేశపు పరిశోధకులు ఒక ఫలితమును ప్రకటించిరి. సుమారు 90 మందుల కర్మాగారముల మురుగును ఉమ్మడిగా శుద్ధిచేయు కేంద్రమునుండి బయటకు వచ్చు నీటిని వారు పరీక్షించిరి. ఇది శుద్ధియైన తరువాతి నీరని గమనింపుడు. అందు సిప్రోఫ్లాక్సాసిన్ అను సూక్ష్మజీవనాశక ఔషధము లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నది. ఆ మందు వాడు రోగి రక్తములో గూడ అంత పాలు ఉండదు. ఒక్క దినమున పోవుచున్నది సుమారు 45 కిలోలని లెక్కకట్టిరి. స్వీడన్ ప్రజలందరును అయిదు దినములలో వాడుకొను మందు అంత! 2009లో వెలువడిన మరియొక పరిశోధనలో ఆ చుట్టుపట్ల చెరువులలోను, పల్లెల బావులలోను గూడ ఇట్టి మందులు కనబడినవి.

ఇక ప్రవాహశుద్ధి మాట. నదిలో పడిన మాలిన్యమును కుళ్లజేసి మట్టిగా మార్చునవి కంటికి కనబడని సూక్ష్మజీవులే. సూక్ష్మజీవులను చంపుటకే నిర్మింపబడిన పదార్థమును నదిలో పోసినప్పుడు శుద్ధిచేయువారినే ముందు చంపినట్లగును గదా! స్మృతివాక్యము అబద్ధము కాదు. దానికి ఆధారమైన శక్తిని మనము తీసివేసితిమి.

అన్నియు చావవు. వేలలో నొకటి ఆ మందునకు ఓర్చుకొని బ్రతుకును, పెరుగును. అంతే కాదు, ఆ ఓర్పును ప్రక్కనున్న వేరుజాతి జీవికి గూడ పంచిపెట్టగలదట. చుక్కను గ్రహించిన తేలు తన కొండిని ఇంకొక పురుగునకు ఇచ్చినట్లు! ఆ జీవి మనుష్యుని శరీరమున ప్రవేశించినప్పుడు వైద్యుడిచ్చు మందు పనిచేయదు. ఇట్లు మందులకు లొంగని సూక్ష్మజీవుల కారణముగా 2019లో ప్రపంచమున సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించిరని శాస్త్రజ్ఞుల అంచనా. బాలెంతలు, పసికందులు, శస్త్రచికిత్స జరిగినవారు దీనికి ముందుగా బలియగుదురు.

ఇచట మన తెలుగువాని మాట చెప్పక తప్పదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు అధిపతియై యుండగా ఆరియోమైసిన్ అను మందు వెలువడినది. 1948లో అది లోకమునకు తెలిసినది, ఆ సంవత్సరమే ఆయన పరమపదించెను. యౌవనమున సన్యసింపదలచిన మహనీయుడు. ఆ కలశమున నున్నది నిశ్చయముగా అమృతమే. నేడు ఆయన పుట్టిన భీమవరము చుట్టును చేపల చెరువులు, రొయ్యల చెరువులు. తెగులు రాకముందే మేతలో మందు కలుపు దురభ్యాసము ఆ వృత్తిలో ప్రవేశించినది. నిషిద్ధౌషధముల జాడలున్నవని పరదేశములు మన రొయ్యలను త్రిప్పిపంపిన సందర్భములును కలవు. ఆరోగ్యముగా నున్న చేపకు మందెందులకని సుబ్బారావుగారు అడిగియుండెడివారు.

పటాన్‌చెరువు గ్రామముల పక్షమున 1990లో సుప్రీంకోర్టుకు చేరిన వ్యాజ్యము జాతీయ హరిత ట్రిబ్యునలులో తీర్పునొందుటకు 2017 వచ్చినది. ఒక తరము గడచినది. నడుమ 2009లో, శుద్ధికేంద్రపు నీటిని సుమారు 18 కిలోమీటర్ల గొట్టముద్వారా అంబర్‌పేటకు, అటనుండి మూసీకి మరల్చిరి. ఇది శివుడు చేసిన పని కాదు, పాత్ర మార్చుట మాత్రమే. మందుల మురుగులో ఇట్టి ఔషధముల పరిమితిని నిర్ణయించు ముసాయిదాను కేంద్రప్రభుత్వము 2020లో ప్రకటించినది, 2021 నాటి తుది నియమములలో ఆ పరిమితులు లేవు.

మన ఋషులు ఇంత జాప్యము చేయలేదు. నీటిలో మలమూత్రములు విడువరాదని, ఉమియరాదని తైత్తిరీయారణ్యకము నిషేధించినది. మనువు ఆ పట్టికలో రక్తమును, విషములను గూడ పేరుపెట్టి చేర్చెను. మన ప్రాంతమున నీటికున్న గౌరవము మీకు తెలియనిది కాదు. ఝరాసంగమున కేతకీ సంగమేశ్వరస్వామి గుండములో స్నానమాడి కుపేంద్రుడను రాజు చర్మవ్యాధిని పోగొట్టుకొనెనని స్థలపురాణము. జహీరాబాదు నారింజవాగు నీరు కర్ణాటకమునకు పోయి చివరకు మంజీరలో కలియును. మంజీర ఏడుపాయల దుర్గమ్మ పాదములు కడిగి, కందకుర్తివద్ద గోదావరిలో చేరి, బాసర సరస్వతి చెంతకు పోవును. ప్రతిదినము కలశములో గోదావరిని ఆవాహన చేయుచున్నాము. ఆమెతో ఏమేమి వచ్చుచున్నదో!

ఇతరులను తప్పుపట్టుటకు నాకు అర్హత తక్కువ. నిరుడు నాకు మూత్రవ్యాధి వచ్చినప్పుడు వైద్యుడు ఏడు దినములకు మాత్రలు వ్రాసెను. నాలుగవనాటికి మంట తగ్గగనే మానితిని. మిగిలిన మాత్రలను, పవిత్రమైన పని చేయుచున్నట్లు, నిర్మాల్యముతో గూడ పెరటి బావిలో వేసితిని.

మరునాడు రైతు వచ్చెను. ముందు నా నిన్నటి మాట తప్పని చెప్పితిని. ప్రాయశ్చిత్తమునకు మొదటి అంగము దానము కాదు, నివృత్తి. చేయుచున్నది మానక ఇచ్చు దానము ప్రాయశ్చిత్తము కాజాలదని చెప్పితిని.

“వాడు మానితే ఇంకొకడు నడుపుతడు గదయ్యా. వాడి పిల్లలేం తినాలె?”

“వాసుకిని పట్టినవారు చాలమంది యుండిరి నాయనా. ఇంకొకడు పట్టునని నీ కొడుకు పట్టవలసిన పని లేదు. పిల్లల అన్నము మాట నిజము. ట్యాంకరు మానవలదు. శుద్ధికేంద్రము వరకు నడుపుమనుము. వేరే పైసలు వలదనుమనుము. బలవంతపెట్టిన వేరు యజమానిని వెదకుకొనుమనుము. ఆ వెదకుటలో ట్రస్టువారు సహాయపడునట్లు నేను మాటలాడుదును.”

“మరి ఈ పైసలు?”

అన్నదానమునకు వలదంటిని. ఊరి పాతబావి పూడిక తీయించుటకు, కొడుకే స్వయముగా వచ్చి, ఎందువలన ఇచ్చుచున్నాడో నాతో చెప్పి ఇచ్చినచో పుచ్చుకొందుమంటిని. అతడు రుమాలు ముడివేసికొని లేచెను.

పెరటి బావినుండి నేను ఇప్పుడు అభిషేకమునకు నీరు తోడుట లేదు. కార్తికము ముగిసి రెండు సోమవారములు గడచినవి. ఆ యువకుడింకను రాలేదు. ట్రస్టువారితో మాటలాడియున్నాను.